పన్నెండో గడి

మా ఆఫీసులో ఏ పనైనా "చిన్న పనే" అన్న మాటతో మొదలవుతుంది. ఆ మాట అనేది మా సారు. అనేసి నా కుర్చీ వెనక నిలబడి, పెన్ను మూతతో నా స్క్రీను మీద టకటకా కొట్టి చూపిస్తారు. నా స్క్రీను మీద ఉన్న గీతలన్నీ ఆయన చెప్పిన చిన్న పనులే.

ఈసారి చిన్న పని ఒక లారీల కంపెనీది. ఇల్లు మారేవాళ్ళ సామాన్లు చేరవేసే కంపెనీ. వాళ్ళ వెబ్‌సైటు మేమే చేస్తున్నాం. పేజీ తెరుచుకునేలోపు జనం తెల్ల తెర చూసి విసుక్కోకుండా అక్కడ ఏదో ఒకటి కదులుతూ ఉండాలి.

"గుండ్రంగా తిరిగే చక్రం పెట్టేస్తే సరిపోదా సార్?" అన్నాను.

"చక్రం అందరూ పెడతారమ్మా. మనకి ఒక మనిషి కావాలి. వీపు మీద బీరువా ఉండాలి. నడుస్తూ ఉండాలి. నవ్వుతూ ఉండాలి."

"బీరువా మోస్తూ నవ్వుతాడా సార్?"

"మన సైటులో నవ్వుతాడు. నెట్‌లో రెడీమేడ్ బొమ్మలుంటాయి, చూడు. చిన్న పనే."

చూశాను. నెట్‌లో నడిచే మనుషులు బోలెడంత మంది ఉన్నారు. ఒకడి చేతిలో సూట్‌కేసు, ఒకడి భుజాన గిటారు, ఒకడి చేతిలో పూలగుత్తి. బీరువా మాత్రం ఎవడూ ఎత్తుకోలేదు. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళి, అనుకోకుండా ఇంకో మాట కూడా అనేశాను.

"మా బాబాయి బొమ్మలు వేస్తాడు సార్."

"ఎక్కడ వేస్తారు?"

"గోడల మీద."

సారు పెన్నుకు మూత పెట్టారు. ఆయన ఆలోచిస్తున్నారనడానికి అదొక్కటే గుర్తు.

నేను అబద్ధం చెప్పలేదు. ఫ్లెక్సులు రాకముందు ఈ ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు మా బాబాయి చేతి మీదుగా లేచినవే. ఇప్పుడాయన ఒక ఫ్లెక్సుల దుకాణంలోనే పని చేస్తున్నాడు. అంచుల వెంట చిల్లులు పొడిచి ఇనుప రింగులు బిగిస్తాడు. "ఎవడో కంప్యూటర్లో కొట్టిన అక్షరాలకి నేను చెవులు కుడుతున్నానే" అంటాడు ఇంటికి వచ్చి. నేను ఉద్యోగం కోసం వాళ్ళింట్లోనే ఉంటున్నాను కాబట్టి ఆ మాట వారానికి నాలుగైదుసార్లు వింటాను.

"సరే, ఈ ఒక్క బొమ్మ చూద్దాం," అన్నారు సారు చివరికి. "ఓనరుగారికి నచ్చితే ఆ సైటులో బొమ్మలన్నీ మీ బాబాయికే ఇద్దాం. నచ్చకపోతే చక్రం పెట్టేసి ఊరుకుందాం."

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎంత ఎత్తు గోడ?"

"గోడ కాదు బాబాయ్. ఫోను."

"ఫోన్లో ఎంత ఉంటుంది?"

"అగ్గిపెట్టంత."

"అయితే నిచ్చెన అక్కర్లేదన్నమాట," అన్నాడు కొంచెం దిగులుగా.

ఎలా కదులుతుందో చెప్పకపోతే బొమ్మ వేయనన్నాడు. సబ్బు అట్టపెట్టె ఒకటి తీసుకుని దానికి చిన్న కిటికీ కోశాను. ఒక కాగితం పట్టీ మీద వరసగా గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అడుగు వేస్తున్న పుల్లల మనిషిని గీశాను. పట్టీని పెట్టె లోపల పెట్టి, గడి తర్వాత గడి కిటికీ వెనకగా లాగాను. పుల్లల మనిషి నడిచాడు.

"వెబ్‌సైటులో కూడా ఇంతే బాబాయ్. దీన్ని స్ప్రైట్ షీటు అంటారు. అడుగులన్నీ ఒకే కాగితం మీద గడుల్లో ఉంటాయి. పేజీలో ఒక్క గడి పట్టేంత కిటికీ ఉంటుంది. ఆ కాగితాన్ని కిటికీ వెనక నేను గబగబా జరుపుతాను. చివరి గడి అయిపోగానే మళ్ళీ మొదటి గడికి వస్తాను. చూసేవాళ్ళకి మనిషి నడుస్తున్నట్టే ఉంటుంది."

"అంటే వాడు కదలడు. వాడి చుట్టూ ఉన్నదంతా కదులుతుంది."

"అంతే."

"మీ బాబాయి పద్ధతేనే అది," అంది పిన్ని వంటింట్లోంచి. "ఆయన కదలరు. ఇల్లంతా ఆయన చుట్టూ తిరగాలి."

బాబాయి విననట్టే పట్టీని రెండుసార్లు తనే లాగి చూశాడు. నేను మిగతా జాగ్రత్తలు చెప్పాను. పెద్ద డ్రాయింగు షీటు మీద వరసకి నాలుగు చొప్పున మూడు వరసలు, మొత్తం పన్నెండు గడులు. గడులన్నీ ఒకే కొలత. పాదాలన్నీ ఒకే గీత మీద. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు.

"వదిలితే?"

"అక్కడికొచ్చేసరికి మనిషి మాయమైపోతాడు."

"మా ఫ్లెక్సుల ఓనరైతే నేను కూడా మాయం కావాలనే కోరుకుంటాడు," అని నవ్వి, "వదలనులే," అన్నాడు.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాడు. నడక ఊహించి వేస్తే అబద్ధంలా ఉంటుందట, ఎదురుగా ఎవరో నడవాలట. ముందు నన్ను నడవమన్నాడు. నేను నడిస్తే నేల మీద అడుగు పడుతున్నట్టే లేదని రెండు అడుగులకే తీసేశాడు. ఇంక ఇంట్లో మిగిలింది పిన్ని. ఆమె వీపు మీద ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి పెట్టి, చేతులు వెనక్కి పెట్టి పట్టుకోమన్నాడు.

"నడువు. ఊఁ, నడువు. ఆగు! అక్కడే! లేపిన కాలు దించకు."

"ఎంతసేపు?"

"పాదం వేసేదాకా."

"పాదం వేస్తున్నారా, పాదంలో ఉన్న గీతలు లెక్కపెడుతున్నారా?"

"మాట్లాడకు. బీరువా ఊగుతోంది."

"ఊగేది బీరువా కాదు, నేను."

"నవ్వు."

"దేనికి?"

"వాళ్ళ సారు నవ్వమన్నాడట."

పిన్ని ఒంటికాలి మీద అలాగే నిలబడి తల ఒక్కటే నా వైపు తిప్పింది. "ఆ సారుని ఒకసారి ఇంటికి తీసుకురావే. నవ్వి చూపిస్తాను."

బాబాయి చేసేదేం లేక పళ్ళు కనిపించేలా వేసుకున్నాడు. అది నవ్వో, బరువుకు పళ్ళు బిగించడమో చూసేవాళ్ళు తేల్చుకోవాలి.

మధ్యలో ఎదురింటావిడ ఏదో అడగడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఒంటికాలి మీద కుర్చీ మోస్తున్న పిన్నినీ, ఆమె చుట్టూ పెన్సిలుతో తిరుగుతున్న బాబాయినీ చూసింది. "తర్వాత వస్తాలే," అని వెళ్ళిపోయింది. కాసేపటికి ఫోన్ చేసి, "ఇంట్లో అంతా బాగానే ఉందా వదినా?" అని చాలా మెల్లగా అడిగింది.

అడుగులన్నీ అయిపోయి ఒకే ఒక్క అడుగు మిగిలి ఉండగా వంటింట్లో పాలు పొంగిన చప్పుడు వినపడింది. పిన్ని కుర్చీని ఉన్నపళంగా కింద పడేసి పరుగెత్తింది.

"ఏమే, చివరిదొక్కటే ఉందే!"

"ఆ ఒక్కటీ మీ తెలివితో వేసుకోండి! నా పాలు పోయాయి!"

మర్నాడు షీటు నా చేతికిచ్చాడు. విప్పి చూశాను. బీరువా నిజంగా ఇనుప బీరువాలా ఉంది. మనిషి మీసాలతో, తలకు చుట్టిన గుడ్డతో ఉన్నాడు కానీ ఆ నడక పిన్నిదే. మూడుసార్లు పిలిచినా పలకని వాళ్ళని లేపడానికి వెళ్ళేటప్పుడు ఆమె నడిచే నడక. గడులన్నీ ఒకే కొలత, పాదాలన్నీ ఒకే గీత మీద. కింద కుడివైపు మూలలో ఎప్పటిలాగే బాబాయి సంతకం. చిన్నప్పటి నుంచి సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ ఊళ్ళో ప్రతి బోర్డు మీదా, ప్రతి గోడ మీదా అదే మూలలో అదే సంతకం చూశాను. ఎంతగా చూశానంటే, అది కంటపడ్డా నేను చూసినట్టు కాదు. షీటును స్కాన్ చేశాను. పన్నెండు గడులని కోడులో రాశాను. నడిపించాను.

నడిచాడు! ఆఫీసులో ఎవరూ చూడకుండా కొంచెంసేపు నేనొక్కదాన్నే చూసుకుని మురిసిపోయాను. మధ్యమధ్యలో ఏదో చటుక్కున మెరిసినట్టు అనిపించింది. నా పాత కంప్యూటరు తడబడుతోందనుకున్నాను.

సారు వచ్చి వెనక నిలబడ్డారు. "అబ్బో, బాగుందే," అన్నారు. తర్వాత ముందుకు వంగారు. జేబురుమాలు తీసి నా స్క్రీను తుడిచారు. మళ్ళీ చూశారు. ఉఫ్‌మని ఊదారు.

"నీ స్క్రీను మీద ఏదో పాకుతోందమ్మా."

నేను సమాధానం చెప్పేలోపే లారీల ఓనరుగారు మెట్లెక్కి వచ్చేశారు. వస్తానన్నది సాయంత్రం. ఆయన భారీ మనిషి. గొంతు ఎప్పుడూ లారీ పైన ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. చొక్కా జేబులో పెన్ను బదులు సుద్దముక్కలు ఉంటాయి. సారు తన ఫోనులో బొమ్మ నడిపించి ఆయన చేతిలో పెట్టారు.

"నడక బాగుంది," అన్నారు ఓనరుగారు. "ఇలా నడిచేవాడు నా దగ్గర ఒక్కడూ లేడు. ఇంట్లో ఎవరినో తిట్టి వచ్చినట్టున్నాడే వీడు." ఫోనును ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నారు. "బీరువా ఎవరిది?"

"సార్?" అన్నారు మా సారు.

"ఎవరి బీరువా అని. పేరు రాయలేదే. సుద్దతో పేరు రాయని సామాను మా లారీ ఎక్కదు. ఒకరి బీరువా ఇంకొకరి ఇంట్లో దించితే తిట్లు ఎవడు పడతాడు?"

హాస్యమాడుతున్నారనుకుని సారు నవ్వారు. ఓనరుగారు నవ్వలేదు. ఆయన ఫోనునే చూస్తున్నారు.

"ఏమిటది?"

"ఏది సార్?"

"బీరువా కింద నుంచి బొద్దింక వచ్చింది. అదిగో, మళ్ళీ వచ్చింది! మళ్ళీ!" ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఎవరు చెప్పారు మీకు?"

"మాకు ఎవరూ ఏమీ..."

"ఒకే ఒక్కావిడ! కొత్త ఇంటికి సామానుతోపాటు బొద్దింకలు కూడా దిగాయని ఊరంతా చెప్పింది. అవి వాళ్ళ పాత ఇంటివి! మేం బీరువాలు మోస్తాం కానీ బొద్దింకల్ని మోస్తామా? వాటంతటవి ఎక్కి కూర్చుంటే మేమేం చేస్తాం, టిక్కెట్టు అడుగుతామా?"

"చిన్న పనే సార్, తీసేస్తాం," అన్నారు సారు. ఆ మాట అంత సన్నగా ఆయన నోటి నుంచి రావడం నేను మొదటిసారి విన్నాను.

"రేపు మధ్యాహ్నం వస్తాను. బొద్దింక కనిపించకూడదు."

మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు తగ్గింది. తర్వాత సారు పెన్నుకు మూత పెట్టారు. "రేపు మధ్యాహ్నానికి సరిగ్గా ఉందా, మీ బాబాయిదే పెడదాం. లేదా, చక్రం. ఆయనకి చెప్పాల్సి వస్తే నువ్వే చెప్పుకోవాలి, నేను చెప్పలేను."

బొమ్మను నెమ్మది చేశాను. ఒక్కో గడీ తాపీగా కిటికీలోకి వచ్చి నిలబడేలా మార్చి చూశాను. ఒకటో అడుగు, రెండో అడుగు, అలా పదకొండో అడుగు వరకూ మనిషి వచ్చాడు. ఆ తర్వాత మనిషి లేడు. కిటికీ నిండా మా బాబాయి సంతకం వచ్చి నిలబడింది.

ఆ సంతకంలో ఏ అక్షరం ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మొదట్లో రెండు మీసాలు పైకి లేస్తాయి. నడుమ పొట్ట ఉబ్బుతుంది. దాని కింద అటు మూడు, ఇటు మూడు కాళ్ళలాంటి గీతలు. ఓనరుగారి తప్పేమీ లేదు.

గుట్టుగా సర్దేద్దామని, పదకొండో గడి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపొమ్మని కోడుకు చెప్పాను. బొద్దింక పోయింది. కానీ చుట్టు తిరిగిన ప్రతిసారీ మనిషి ఒక్క ఉలికిపాటుతో గంతేస్తున్నాడు, వాడితోపాటు బీరువా గంతేస్తోంది.

"వీడి కాలికి మేకు దిగినట్టుంది," అన్నారు సారు వెళుతూ వెళుతూ.

నిజమే. ఒక అడుగు లేదు. పాలు పొంగిన చోట పోయిన అడుగు అది.

ఇంటికి వెళ్ళేసరికి బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు.

"చూశారా? ఏమన్నారు?"

"నడక చాలా బాగుందన్నారు."

బాబాయి నడుం నిటారుగా అయింది. "నడక నాది," అంది పిన్ని లోపలి నుంచి.

"ఇంకేమన్నారు?"

"బాబాయ్, చివరి గడిలో సంతకం పెట్టావు కదా..."

"పెట్టాను. కింద కుడి మూల ఎప్పుడూ నాదే."

"ఆ మూల కూడా గడే కదా. అది కూడా కిటికీలోకి వస్తుంది. సంతకం తీసేసి అక్కడ అడుగు వేయాలి."

"సంతకం తీసేయాలా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "సంతకం లేకుండా నేను 'ఇక్కడ వాహనాలు నిలపరాదు' అని కూడా రాయలేదే. మరుగుదొడ్లకి దారి చూపించే బాణం కింద కూడా నా సంతకం ఉంది, వెళ్ళి చూసుకో. అయినా నువ్వేమన్నావు? ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దన్నావా లేదా?"

"అన్నాను."

"వదిలానా?"

"వదల్లేదు."

"సంతకం ఉంటే వాళ్ళకొచ్చిన నష్టమేంటి?"

"నష్టమని కాదు... ఓనరుగారికి అది వేరేగా కనపడింది."

"వేరేగా అంటే?"

"పురుగులాగా."

"ఏ పురుగు?" అన్నాడు. తర్వాత కొంచెం ఆశగా, "సీతాకోకచిలుకా?"

నేను తల దించుకున్నాను. "బొద్దింక."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. తర్వాత పిన్ని నవ్వు మొదలైంది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక, గోడ పట్టుకుని బయటికి వచ్చి నేల మీద కూలబడి మరీ నవ్వింది.

"పెళ్ళయిన కొత్తలో నాకు ఉత్తరం రాశారు కదండీ, కింద దీన్ని చూసి దులిపేశాను! ఇన్నాళ్ళూ మర్యాదకి ఊరుకున్నా!"

బాబాయి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. "చక్రమే పెట్టుకోమని చెప్పు మీ సారుకి," అన్న మాట తలుపు ఇవతలికి వచ్చింది. "రేపు రింగులు కొట్టుకోవడానికి పోతాను. రింగులకి ఎవడూ పేర్లు పెట్టడు."

పిన్ని నవ్వు తగ్గింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని తలుపు వైపు చూసింది. "నేను ఎక్కువ నవ్వానా?" అంది నాతో. తలుపు పక్కన నేల మీద కూర్చున్నాను. లోపల బ్రష్షుల డబ్బా కదిపిన చప్పుడు, మూత పెట్టిన చప్పుడు వినిపించాయి. ఆ డబ్బా మంచం కిందకి వెళితే మళ్ళీ ఎన్నాళ్ళకి బయటికి వస్తుందో నాకు తెలుసు. అప్పుడే ఓనరుగారి జేబులోని సుద్దముక్కలు గుర్తొచ్చాయి.

"బాబాయ్, ఓనరుగారు ఇంకొకటి కూడా అడిగారు."

లోపల డబ్బా చప్పుడు ఆగింది.

"బీరువా ఎవరిదని అడిగారు. బీరువా మీద పేరు లేదేమని అడిగారు. వాళ్ళ దగ్గర పేరు రాయని సామాను లారీ ఎక్కదట."

తలుపు వెనక నుంచి, "బీరువా తలుపు ఎంత ఉంటుంది?" అని వినిపించింది.

"ఫోనులోనా? గోరంత."

"గోరంత దాంట్లో నా సంతకం ఎలా పడుతుంది?"

"చిన్నగా రాస్తే పడుతుంది. అలా పన్నెండుసార్లు పడుతుంది."

తలుపు తెరుచుకుంది. "పన్నెండా?"

"ప్రతి గడిలోనూ బీరువా ఉంది కదా."

ఒక బొమ్మకి ఒక సంతకం తప్ప ఎరగని మనిషి. పన్నెండు అనేసరికి బొద్దింకను సగం క్షమించేశాడు. "ఒక్కసారి రాసివ్వు బాబాయ్, మిగతావాటిలో నేను అతికించేస్తాను," అంటే మాత్రం నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"సంతకం అతికిస్తారా? బ్యాంకులో ఆ పని చేస్తే పోలీసులు వస్తారే."

ఇంక కావలసింది పన్నెండో అడుగు. బాబాయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పిన్ని ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. పిన్ని దానిలో హాయిగా కూర్చుంది.

"నాకేంటి?"

"ఏం కావాలి?"

"ఊళ్ళో అందరి గోడల మీదా రాశారు. మన గేటు మీద ఇంటి నంబరు రాయమని ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను? మనకొచ్చిన పార్సిళ్ళన్నీ ఎదురింటికి పోతున్నాయి. ఆవిడ విప్పి చూసి, రంగు బాగాలేదని కూడా చెప్పి ఇస్తుంది."

"రాస్తాను. ఈ బొమ్మ అవనీ."

"ముందు గేటు."

వెలుతురు ఉండగానే బ్రష్షుల డబ్బా బయటికి వచ్చింది. బాబాయి గేటు ముందు ముక్కాలిపీట వేసుకుని నంబరు రాశాడు. నల్లటి అంకెలు, పక్కన సన్నటి ఎర్ర నీడ. చూస్తుంటే రోడ్డు అవతల నుంచి కూడా చదవొచ్చు. కింద కుడి మూలలో సంతకం పెట్టాడు. అది నంబరు కంటే కొంచెం పెద్దదే అయింది.

"ఇప్పుడు పార్సిలువాడు ఏది చూసి వస్తాడో," అంది పిన్ని. కానీ కుర్చీ ఎత్తుకుంది.

"ఆగు. ఎడమ కాలు ఇంకాస్త వెనక్కి. అదీ. ఇక నవ్..." బాబాయి మాట మధ్యలో ఆపేశాడు. నవ్వమని ఈసారి చెప్పక్కర్లేకపోయింది. గేటు మీద సంతకం చూసినప్పటి నుంచీ పిన్నికి బొద్దింకే గుర్తొస్తోంది. కుర్చీ మోస్తూ, కాలు గాలిలో పెట్టుకుని, పెదవులు బిగబట్టి, చివరికి ఆగలేక నవ్వేసింది. పాత సంతకం మీద తెల్లకాగితం అంటించి, బాబాయి ఆ నవ్వును అలాగే పట్టేశాడు. ఆ పైన భూతద్దం పెట్టుకుని, సన్నటి బ్రష్షుతో, ఒక్కో బీరువా తలుపు మీదా ఒక్కో సంతకం రాసుకుంటూ పోయాడు. ఊపిరి బిగబట్టి రాశాడు. మేమిద్దరం కూడా ఊపిరి బిగబట్టే చూశాం.

మర్నాడు దిద్దిన షీటును నడిపించి చూస్తే అడుగులన్నీ కుదిరాయి. గంతు లేదు. కానీ చేత్తో పన్నెండుసార్లు రాసిన సంతకం పన్నెండు రకాలుగా వస్తుంది కదా. బీరువా తలుపు మీద అది జీవం ఉన్నట్టు గిలగిలా కదులుతోంది.

సారు చూసి ముఖం తుడుచుకున్నారు. "అమ్మా, బొద్దింక బీరువా ఎక్కిందే!"

మార్చడానికి సమయం లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఓనరుగారు కూర్చుని ఫోను తీసుకున్నారు. మా సారు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, కింద పడేశారు.

"బొద్దింక లేదు," అన్నారు ఓనరుగారు. ఫోను కింద కూడా చూసి మరీ అన్నారు. "బీరువా మీద అదేంటి?"

"పేరండీ," అన్నాను నేను. "మీరు అడిగారు కదా, ఎవరి బీరువా అని."

"ఎవరి పేరు?"

"బీరువా గలాయనది."

"చదవడానికి రావట్లేదే."

సారు నేల మీద మూత వెతుకుతున్నారు.

"వణుకుతోంది కూడా," అన్నారు ఓనరుగారు. ఫోనును చేయి చాచి దూరంగా పట్టుకుని చూశారు. తర్వాత ఒక్కసారిగా గట్టిగా నవ్వారు. "అచ్చం మావాళ్ళు రాసినట్టే ఉంది! ఒకడు మోస్తుంటే ఇంకొకడు పక్కన పరుగెత్తుతూ రాస్తాడు. ఒక్క అక్షరం అర్థం కాదు. ఎవరు వేశారిది? మా లారీ ఎక్కి చూసినట్టే వేశాడే." బొమ్మను ఇంకో నాలుగు చుట్లు నడవనిచ్చారు. "ఇంకోటి చూశారా? నడుస్తూ నడుస్తూ చివర్లో వీడికి ఏదో గుర్తొచ్చి నవ్వుకుంటున్నాడు."

ఇదే మనిషి సోఫా మోయాలన్నారు. ఫ్రిజ్ మోయాలన్నారు. మంచాన్ని మెట్ల మీదుగా దించాలన్నారు. అన్నిటి మీదా పేరుండాలన్నారు. ఆయన వెళ్ళాక సారు మూత దొరికించుకుని, "నేను చెప్పలా, చిన్న పనే అని," అన్నారు.

ఇంట్లో చెబితే బాబాయి "ఊఁ" అని మాత్రం అన్నాడు. కానీ ఫ్లెక్సుల దుకాణానికి ఫోన్ చేసి ఇక వారంలో రెండు రోజులే వస్తానని చెప్పాడు. పిన్ని, "మంచం మోస్తూ మెట్లు దిగాలా నేను?" అంది.

సైటు బయటికి వచ్చిన రోజు బాబాయి తన ఫోనులో దాన్ని తెరిచాడు. తెరిచీ తెరవగానే పేజీ మొత్తం వచ్చేసింది. మనిషి ఒక్క అడుగు కూడా వేయలేదు.

"ఏడీ?"

"పేజీ తొందరగా వచ్చేసింది బాబాయ్. ఆలస్యమైతేనే వాడు కనిపిస్తాడు."

"అంటే మీ పని బాగుంటే నేను కనపడనన్నమాట."

"అవును."

కాసేపు ఆలోచించాడు. "మీ సారుకి చెప్పి ఏదైనా కొంచెం పాడు చేయించకూడదూ?"

అది కుదరదన్నాను. పేజీని తొందరగా తెరిపించడం కోసమే నేను నెలల తరబడి కళ్ళు పోగొట్టుకుంటున్నాను. బాబాయి వాదించలేదు. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. హాల్లో చూశాడు, మేడ మీద చూశాడు, బట్టలారేసే తీగ కింద చూశాడు. చివరికి పెరటి మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన దొరికింది ఆయనకి కావలసిన చోటు. అక్కడ సిగ్నలు ఒక్క గీతే ఉంటుంది, అది కూడా దాని ఇష్టం.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళివ్వగానే బాబాయి వాళ్ళని పెరట్లోకి తీసుకుపోతాడు. "లోపలికి జరగండి, తల జాగ్రత్త. ఇక్కడైతే చక్కగా ఆలస్యంగా వస్తుంది," అంటాడు. ఎదురింటావిడ రెండుసార్లు చూసి వెళ్ళింది. పేరు చదవడానికి రావట్లేదని ఆవిడ కూడా అంది.

నిన్న సాయంత్రం పిన్ని మోటారు వేయడానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే ఇద్దరూ మెట్ల కింద తలలు వంచుకుని ఒకే ఫోనులోకి చూస్తున్నారు. బీరువా నడుస్తోంది.

"ఇప్పుడొస్తుంది చూడండి," అంటోంది పిన్ని. "అదిగో, నేను! నవ్వాను!"

"పైన చూడవే. పైన నా పేరు."

"మీది సరేగానీ, కాళ్ళు చూడండి..."

అంతలో పేజీ తెరుచుకుంది. లారీల ఫొటోలు, ఫోను నంబర్లు, అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

"అయ్యో, వచ్చేసిందండీ," అంది పిన్ని.

బాబాయి పేజీ మూసి, మళ్ళీ తెరిచాడు.